తెర మీది అంకెకు పూచీ ఎవరిది? పరిశోధనశాలలో కంట్రోల్స్ ఇంజనీరు ఉద్యోగం

[తెర: నల్లని నేపథ్యం, మధ్యలో ఒకే అంకె: 1.9 కె]

ఈ అంకె చూడండి. 1.9 కెల్విన్, అంటే దాదాపు మైనస్ 271 డిగ్రీలు. జెనీవా దగ్గర, స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ సరిహద్దు కింద 27 కిలోమీటర్ల వలయాకార సొరంగం ఉంది. అందులో ఉంది సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్ల ఎల్‌హెచ్‌సి, అణువుకన్నా చిన్న కణాలను మహా వేగంగా తిప్పి ఢీకొట్టించే యంత్రం. దాని అయస్కాంతాలను ఉంచే చలి ఇది. కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నవాళ్లు ఈ అంకెను నమ్మి బీమ్, అంటే ఆ కణాల ప్రవాహం, వదులుతారు. మరి ఆ అంకె నిజమేనని పూచీ ఎవరిది? ఆ పూచీ పడేవాళ్లను కంట్రోల్స్ ఇంజనీర్లు అంటారు. మన ఇళ్లల్లో కంప్యూటర్స్ చదివితే సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒక్కటే దారి అనుకుంటాం కదా, ఇలాంటి దారి ఒకటుందని చాలామందికి తెలియదు.

[యానిమేషన్: సెన్సర్ నుంచి తెర దాకా ఒక గీత నెమ్మదిగా సాగుతుంది]

ఆ అంకె తెర మీదికి ఎలా వచ్చిందో చూద్దాం. అయస్కాంతం దగ్గరున్న సెన్సర్ నేరుగా చలిని చెప్పదు. చలిని బట్టి దాని విద్యుత్ నిరోధం మారుతుంది, అంతే. ఒక ఎలక్ట్రానిక్ కార్డు ఆ నిరోధాన్ని చదువుతుంది. ఏ నిరోధానికి ఏ ఉష్ణోగ్రతో ముందే కొలిచి రాసుకున్న కాలిబ్రేషన్ పట్టిక దాన్ని ఉష్ణోగ్రతగా మారుస్తుంది. అక్కడి నుంచి పీఎల్‌సీ అనే, యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్‌కి పోతుంది. సిమెంటు ఫ్యాక్టరీల్లో చూస్తారే, ఆ జాతి పెట్టే. తర్వాత నెట్‌వర్క్, సర్వరు, చివరికి స్కాడా తెర, అంటే యంత్రం మొత్తాన్ని ఒకచోట చూపించే సాఫ్ట్‌వేర్. మధ్యలో ఎక్కడ తేడా కొట్టినా తెర మీద అంకె మాత్రం నీటుగానే కనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది.

[తెర: రోజంతా ఎగిరిపడుతూ, రాత్రి కాసేపు సాఫీగా ఉన్న గ్రాఫ్]

ఇంకో రకం చిక్కు చూడండి. అంకె నిజమే, కానీ కారణం అంతుపట్టదు. ఎల్‌హెచ్‌సి కంటే ముందు ఇదే సొరంగంలో లెప్ అనే ఇలాంటి యంత్రమే నడిచేది. 1995లో దాని అయస్కాంత క్షేత్రం రీడింగులు పగలంతా ఎగిరిపడేవి. అర్ధరాత్రి దాటాక కొన్ని గంటలు సద్దుమణిగి, తెల్లవారుజామున మళ్లీ మొదలయ్యేవి. సెన్సర్ పాడైందా? కార్డా? కోడా? చూడగా చూడగా తేలిందేమిటంటే, అది రైళ్ల పని. ఆ పక్కనే ఫ్రెంచి రైలు మార్గం ఉంది. పట్టాల్లోంచి కొంత కరెంటు నేలలోకి జారి, యంత్రం గొట్టం వెంట పారుతోంది. టీజీవీ అనే హైస్పీడ్ రైలు కదిలినప్పుడల్లా రీడింగు కదిలేది. ఫ్రాన్సులో రైల్వే సమ్మె జరిగిన రోజు గ్రాఫ్ ప్రశాంతం! చంద్రుడి ఆకర్షణకు నేల ఉబ్బి ఆ వలయం చుట్టుకొలత ఒక మిల్లీమీటరు వరకు మారుతుందనీ అదే యంత్రం పట్టిచ్చింది. ఈ ఉద్యోగంలో నాకు అసూయ పుట్టించేది ఇలాంటి కూపీ లాగడమే.

[తెర: 19 సెప్టెంబర్ 2008]

అన్నీ ఇంత సరదాగా ఉండవు. ఎల్‌హెచ్‌సిలో మొదటి బీమ్ తిరిగిన తొమ్మిదో రోజున, కరెంటు పెంచి పరీక్షిస్తుంటే రెండు అయస్కాంతాల మధ్య ఒక అతుకు కాలిపోయింది. అయస్కాంతాలను చల్లబరిచే హీలియం పాత్రకు చిల్లు పడి సుమారు 6 టన్నుల హీలియం బయటికి తన్నింది. 53 అయస్కాంతాలను పైకి తీయాల్సి వచ్చింది. మళ్లీ బీమ్ వచ్చింది 2009 నవంబర్‌లోనే. అతుకు సరిగా కుదరకపోవడం మెకానికల్ లోపం, నిజమే. కానీ అది వేడెక్కుతోందని ముందే పసిగట్టేంత సూక్ష్మంగా అప్పటి రక్షణ వ్యవస్థ చూడలేదు. ఆ తర్వాత వేల అతుకుల మీద వోల్టేజీని మిల్లీవోల్టు కంటే తక్కువ స్థాయిలో కనిపెట్టే కొత్త ఏర్పాటు చేశారు. అందులో బోర్డులు, కేబుళ్లు, కోడు అన్నీ ఉన్నాయి. ఒక్కటే వచ్చినవాడు అక్కడ నెగ్గుకురాలేడు.

[యానిమేషన్: వలయంలో తిరుగుతున్న బీమ్, పక్కన ఆకుపచ్చ సిగ్నల్]

తేడా వస్తే తనంతట తానే బీమ్‌ను ఆపేసే ఏర్పాటు ఒకటుంది, దాన్ని ఇంటర్‌లాక్ అంటారు. దాని గురించి కాస్త ఆగి చెప్పాలి. డిజైన్ ప్రకారం ఒక్కో బీమ్‌లో 362 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. దారి తప్పితే యంత్రాన్నే తొలిచేస్తుంది. బీమ్ ఒక చుట్టు తిరగడానికి పట్టేది సుమారు 89 మైక్రోసెకన్లు. తేడా వచ్చిందని వ్యవస్థకు తెలిశాక మూడు చుట్ల లోపే బీమ్‌ను డంప్‌కు, అంటే దాని శక్తిని పీల్చుకునే దిమ్మెకు, మళ్లించాలి. మామూలు సర్వరు మీద పైథాన్ స్క్రిప్ట్ రాసి ఇది చేస్తానంటే బయటికి పంపేస్తారు! ఇది హార్డ్‌వేర్ పని. దాని తర్కం కూడా తిరగేసి ఉంటుంది: "ప్రమాదం" అని సిగ్నల్ రావడం కోసం ఎవరూ ఎదురుచూడరు. "అంతా బాగుంది" అనే అనుమతి సిగ్నల్ ఎప్పుడూ వస్తూనే ఉండాలి. వైరు తెగినా, కరెంటు పోయినా ఆ అనుమతి ఆగిపోతుంది, బీమ్ డంప్‌కు పోతుంది.

రోజువారీ పని మాత్రం ఇంత ఉత్కంఠగా ఉండదు. సి++, జావా, పైథాన్, లినక్స్, పీఎల్‌సీ ప్రోగ్రాములు, ఎఫ్‌పీజీఏ కార్డులు (లోపలి సర్క్యూట్‌ను మనమే మార్చుకోగల చిప్‌లున్నవి). ఎవరో ఎప్పుడో రాసి వెళ్లిపోయిన కోడు. రాత్రిపూట ఫోన్లు. పైగా మార్పు చేయాలంటే యంత్రం ఆగే దాకా ఆగాలి; 2018 చివర్లో ఆపిన ఎల్‌హెచ్‌సిలో మళ్లీ బీమ్ తిరిగింది 2022 ఏప్రిల్‌లో. వారం వారం కొత్త రిలీజ్ ఇచ్చే అలవాటున్నవాళ్లకు ఊపిరాడదు.

[తెర: భారతదేశ పటం మీద ఇండోర్, హైదరాబాద్]

మన దగ్గర దారులున్నాయి. ఇండోర్‌లో ఆర్ఆర్‌క్యాట్ అనే అణుశక్తి శాఖ పరిశోధన కేంద్రం ఉంది. అక్కడి ఇండస్-2, 2.5 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల సింక్రోట్రాన్, అంటే ఎలక్ట్రాన్లను వలయంలో తిప్పే యంత్రం. అణుశక్తి శాఖలోకి సైంటిస్టుగా వెళ్లాలంటే బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ట్రైనింగ్ స్కూలు ప్రధాన ద్వారం. గేట్ స్కోరుతో ఇంటర్వ్యూకి పిలుస్తారు, ఎంపికైతే ఏడాది శిక్షణ. హైదరాబాద్‌లో 1967 నుంచీ ఉన్న ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్ అణు విద్యుత్ కేంద్రాలకు కంట్రోల్ పరికరాలు తయారుచేస్తుంది. 2017 నుంచి భారత్ సెర్న్‌లో అసోసియేట్ సభ్య దేశం కాబట్టి అక్కడి ఉద్యోగాలకూ మనవాళ్లు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

పరీక్షలకు ముందు ఇంట్లో చేసి చూడదగ్గది ఒకటుంది. ఇలాంటి యంత్రాల రీడింగులు చదివి వాటిని నడిపే ఈపిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అమెరికాలోని లాస్ అలమోస్, ఆర్గాన్ ల్యాబుల్లో పుట్టింది. గురుత్వ తరంగాలను పట్టే లైగో, ఫ్రాన్సులోని అణు సంలీన ప్రాజెక్టు ఐటర్ వాడేది ఇదే. ఎల్‌హెచ్‌సి లాంటి సెర్న్ యాక్సిలరేటర్లకు మాత్రం చాలావరకు సొంత వ్యవస్థ. లాప్‌టాప్‌లో ఈపిక్స్ వేసుకుని, ఒక చవక ఉష్ణోగ్రత సెన్సర్ తగిలించండి. ప్రతి విలువతో పాటు అది చదివిన సమయం, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చో చెప్పే అలారం స్థాయి వస్తాయి. ఇప్పుడు సెన్సర్ వైరు పీకేయండి. తెర మీద "ఇన్‌వాలిడ్" అని రావాలి. ఇంకా 31 డిగ్రీలే చూపిస్తుంటే మీ కోడు మళ్లీ తెరవండి.