పిల్ల సంచి విప్పే ముందు

అందరికీ నమస్కారం. అమ్మలూ, అయ్యలూ, తోటి టీచర్లూ! పర్లాకిమిడిలో తెలుగులో మాట్లాడమని పిలిస్తే నేను ఎప్పుడూ కాదనలేదు. ఒడిశాలోని ఈ గజపతి జిల్లా బళ్లలోనే ఇరవై ఎనిమిదేళ్లు పనిచేశాను. ఇవాళ్టి మాట బడిలో పిల్లల సంచులు సోదా చేయడం గురించి. ముందుగా నేను చేసిన ఒక తప్పు చెబుతాను.

2012 డిసెంబరు. పిల్లలు పిక్నిక్ కోసం ఇచ్చిన డబ్బులో మూడు వంద నోట్లు టేబుల్ సొరుగులోంచి పోయాయి. పక్క గది ఏడో తరగతిది కాబట్టి అనుమానం ఆ తరగతి మీదికి పోయింది. అంతకు మించి ఆధారం ఏమీ లేదు. తలుపు వేయించి, ముప్పై ఎనిమిది మందినీ నిలబెట్టి, సంచులు బెంచీల మీద గుమ్మరించమన్నాను. మూడో వరసలో ఒక పిల్ల సంచిని పొట్టకు అదుముకుని నిలబడిపోయింది. దొరికిందనుకున్నాను. నేనే వెళ్లి లాక్కుని తిరగేశాను. లెక్కల నోటుబుక్కు, విరిగిన స్కేలు, కాగితంలో చుట్టిన ఉడకబెట్టిన గుడ్డు పడ్డాయి. కాగితం మడతలో చిటికెడు ఉప్పు. మధ్యాహ్న భోజనంలో పెట్టిన గుడ్డు అది. ఇంట్లో తమ్ముడున్నాడు, వాడికింకా బడి ఈడు రాలేదు. తరగతి గొల్లుమని నవ్వింది. "బడి తిండి బడిలోనే తినాలని తెలీదా?" అని నేను కసిరాను.

మూడొందలు దొరకలేదు. ఎవరు తీశారో ఇవాళ్టికీ తెలీదు. తర్వాత గుడ్డు పెట్టిన రోజున ఆ పిల్ల కంచం పట్టుకుని నా ముందుకొచ్చి నిలబడింది. గుడ్డంతా నా ఎదుటే తినేసి, ఖాళీ చేతులు రెండూ చూపించి వెళ్లిపోయింది. ఆ ఏడాది పొడుగునా అలాగే చేసింది.

నేను వెతికింది డబ్బు. బయటపడింది వాళ్లింటి ఆకలి. చదువుకునే పిల్లకు సొంతమని చెప్పుకోవడానికి ఉండేది ఆ సంచి ఒక్కటే. అందులో ఉత్తరం ఉంటుంది, మందుబిళ్ల ఉంటుంది, నెలసరి గుడ్డ ఉంటుంది, తమ్ముడి గుడ్డు ఉంటుంది. అది విప్పడమంటే వాళ్లింటి తలుపు తీసినట్టే.

ఇంటి తలుపంటే ఒక కేసు గుర్తొస్తుంది. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయన్ని బందిపోటు కేసులో ఆధారం లేదని వదిలేశారు. అయినా పోలీసులు ఆయన మీద నిఘా పెట్టి, రాత్రిపూట వెళ్లి తలుపు కొట్టేవారు. 1962లో సుప్రీంకోర్టు ఆ రాత్రి రాకలు చెల్లవంది గానీ, గోప్యత ప్రాథమిక హక్కు కాదని ఎక్కువమంది జడ్జీలు తేల్చారు. ఒప్పుకోని వారిలో మన తెలుగాయన ఉన్నారు, కోకా సుబ్బారావు గారు. మనిషి స్వేచ్ఛలో గోప్యత ఒక ముఖ్య భాగమని ఆయన విడిగా తీర్పు రాశారు. యాభై అయిదేళ్ల తర్వాత, 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా ఆ మాటనే నిలబెట్టారు. ఇవాళ గోప్యత రాజ్యాంగం 21వ అధికరణం కింద హక్కు. ఆ అధికరణంలో వయసు ప్రస్తావన లేదు. ఏడో తరగతి పిల్లకూ అది వర్తిస్తుంది.

అయితే బడిలో సోదా ఎలా చేయాలో విడిగా చెప్పే చట్టం మన పార్లమెంటు చేయలేదు. ఈ విషయం మీద ఎక్కువ తీర్పులు వచ్చింది అమెరికాలో. అక్కడి చట్టం మనకు చెల్లదు, కానీ అక్కడి జడ్జీలు వేసుకున్న ప్రశ్నలు మనకు పనికొస్తాయి. 1980లో న్యూజెర్సీలో పద్నాలుగేళ్ల పిల్ల బడి బాత్‌రూమ్‌లో సిగరెట్టు కాలుస్తూ పట్టుబడింది. కాల్చలేదంది. వైస్ ప్రిన్సిపాల్ ఆమె పర్సు తెరిస్తే సిగరెట్లు, ఇంకా వెతికితే గంజాయి, ఉత్తరాలు దొరికాయి. 1985లో అక్కడి సుప్రీంకోర్టు ఆ సోదా సరైనదే అంది. పిల్ల ఓడింది, కానీ నియమం ఒకటి నిలిచింది. సోదా మొదలుపెట్టడానికి తగిన కారణం ఉండాలి. ఎంత దూరం వెళ్తున్నామో అది ఆ కారణానికి, పిల్ల వయసుకు, ఆడా మగా అన్నదానికి, తప్పు బరువుకు తగినట్టుండాలి.

రెండో కేసు అరిజోనాలోని సాఫర్డ్ అనే ఊళ్లోది. 2003లో పదమూడేళ్ల పిల్ల దగ్గర నొప్పి బిళ్లలు ఉన్నాయని ఇంకో పిల్ల చెప్పింది. ఐబుప్రొఫేన్, మన మందుల షాపులో కొనుక్కునే బిళ్లే. సంచి వెతికారు, ఏమీ లేదు. నర్సు గదికి తీసుకెళ్లి బట్టలు విప్పించి, లోదుస్తులు పక్కకు లాగి చూపించమన్నారు. అక్కడా ఏమీ లేదు. బట్టలు విప్పించిన ఇద్దరూ ఆడవాళ్లే. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే "మేడమే చూశారు కదా" అనే సమాధానం మన బళ్లలో తరచూ వింటాం. 2009లో అక్కడి సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల్లో ఎనిమిది మంది, బట్టలు విప్పించడం రాజ్యాంగానికి విరుద్ధమన్నారు. సంచి వెతకడాన్ని మాత్రం తప్పుపట్టలేదు. నేను గీత గీసేదీ అక్కడే. కారణం ఉంటే సంచి చూడొచ్చు. ఒంటి మీది బట్టల జోలికి టీచరు ఎప్పటికీ వెళ్లకూడదు.

దూరపు సంగతులనుకోకండి. 2025 జూలైలో మహారాష్ట్ర ఠాణే జిల్లా శహాపూర్‌లో ఒక బడి బాత్‌రూమ్‌లో రక్తపు మరకలు కనిపించాయని, ఎవరికి నెలసరి వచ్చిందో తెలుసుకోవడానికి అయిదు నుంచి పది తరగతుల ఆడపిల్లలను పరీక్షించారు. ప్రిన్సిపాల్‌ను అరెస్టు చేశారు, పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో కింద కేసు పెట్టారు. నేరం చేసిందని పట్టుకున్న ఆడమనిషినైనా ఆడమనిషే, మర్యాద తప్పకుండా సోదా చేయాలని పోలీసులకే చట్టం ఉంది. పిల్లలకు అంతకన్నా తక్కువ ఎలా సరిపోతుంది?

మన దగ్గర చట్టాలు లేకపోలేదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధిస్తుంది. తన సంరక్షణలో ఉన్న పిల్లను అనవసరమైన మానసిక క్షోభకు గురిచేస్తే, 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. నేను ఆ రోజు చేసింది ఈ మాటలకు ఎంత దగ్గరగా ఉందో తర్వాత చదువుకున్నప్పుడు తెలిసింది.

ఇక తల్లిదండ్రులు అడిగే మాట. "మాస్టారూ, మోహనా వైపు కొండల్లో గంజాయి ఉంది, బడి గేటు ముందే గుట్కా ఉంది. సంచులు చూడకపోతే పిల్లలు పాడైపోరా?" నాకూ ఆ భయం ఉంది. ఒక పిల్లాడి మీద ఫలానా కారణం అని చెప్పగలిగితే చూడండి, కచ్చితంగా చూడండి. కానీ ఒకరి మీద అనుమానానికి నలభై మందిని గుమ్మరింపజేస్తే అది అందరికీ వేసిన శిక్షే. అదీగాక, బడికి 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 చట్టం చెబుతోంది. ముందు ఆ బడ్డీ సంగతి చూడాలి కదా!

మన సరిహద్దులో ఇంకో చిక్కుంది. ఇంట్లో తెలుగో, సవరో మాట్లాడే పిల్లను బడిలో ఒడియాలో గట్టిగా నిలదీస్తే నోరు పెగలదు. ఆ మౌనాన్నే తప్పు ఒప్పుకోలుగా తీసుకుంటాం. సవర పిల్లలకు చదువు చెప్పడం కోసం గిడుగు రామమూర్తి గారు వాళ్ల భాష నేర్చుకున్నది ఈ ఊళ్లోనే. మనం కనీసం పిల్లకు తెలిసిన భాషలో "ఏమైందమ్మా?" అని అడగలేమా? హాస్టల్ పిల్లల గురించీ ఒక మాట. వాళ్లకు ఇల్లంటే ట్రంకుపెట్టె. పిల్లలు తరగతిలో ఉండగా వెనకాల తాళాలు తీయించడం ఆపండి. పెట్టె తెరవాల్సి వస్తే పిల్ల ఎదుటే, పిల్ల చేతే తీయించండి.

ఫోన్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. 2025లో ఢిల్లీ హైకోర్టు బడుల్లో ఫోన్లను పూర్తిగా నిషేధించడం మంచిది కాదంది, నియమం మీరితే కొంతకాలం ఫోన్ తీసుకుని ఉంచొచ్చంది. నా మట్టుకు నేను చెప్పేది, తీసుకోవడం వేరు, లాక్ తీయించి వాట్సాప్ చదవడం వేరు. సాయంత్రం వరకు బీరువాలో పెట్టండి, అమ్మానాన్నల చేతికివ్వండి.

ఇదంతా మారాలంటే భువనేశ్వర్ నుంచి జీవో కోసం కూర్చోనక్కర్లేదు. ప్రభుత్వ బడి మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. అంటే ఈ హాల్లో కూర్చున్న మీరే. నేనొక కాగితం రాసుకొచ్చాను. సంచి విప్పే ముందు ఏం పోయింది, ఎందుకు ఈ పిల్లే అన్నది రిజిస్టరులో రాయాలి. విడి గదిలో ఇద్దరు పెద్దల ముందు, ఆడపిల్లయితే ఆడటీచర్ల ముందు, పిల్లే విప్పాలి. వెతికే వస్తువు తప్ప ఇంకేది కనపడినా ఎవరితోనూ అనకూడదు. బట్టల జోలికి పోకూడదు. అదే రోజు ఇంటికి కబురు వెళ్లాలి. అడుగున పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098 వేశాను.

తెలుగు ప్రతులు గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాయి, ఒడియా ప్రతులు వాటి కిందే ఉన్నాయి. రెండూ తీసుకెళ్లండి. వచ్చే కమిటీ మీటింగులో చదివి, హెడ్‌మాస్టరు గారి సంతకం పెట్టించి, ఒక ప్రతి పిల్లలకు కనపడేలా తరగతి గోడకు అంటించండి.