లెస్టర్‌లో బాబాయ్ వీలునామా, రాజోలులో నాన్న దబ్బనం

హాయ్ అండీ, అందరికీ నమస్తే. వెనక కొబ్బరిచెట్లు కనిపిస్తున్నాయి కదా, ఇవాళ లెస్టర్ లేదు, మంచు లేదు, డిస్కౌంట్ షాపింగ్ లేదు. మా ఊళ్ళో ఉన్నాను, రాజోలు దాటి అంతర్వేది వెళ్ళే దారిలో. రేపు బాబాయ్ సంవత్సరికం. పక్క తోటలో దింపు జరుగుతోంది, కాయలు దబ్బుదబ్బుమని పడుతుంటాయి, మధ్యలో నేను ఉలిక్కిపడితే నవ్వకండి, అలవాటు తప్పిపోయింది.

ఈ వీడియో ఎందుకంటే, ఊళ్ళో దిగిన దగ్గర్నుంచి ప్రతి అరుగు మీదా ఒకటే ప్రశ్న. "లండన్ ఇల్లు ఏమైందమ్మా?" అది లండన్ కాదు, లెస్టర్. అయినా మనవాళ్ళకి ఇంగ్లండ్ అంటే లండనే, నేను చెప్పడం మానేశాను. రెండో ప్రశ్న, "అక్కడి గవర్నమెంటు సగం లాగేసుకుందటగా?" ఈ మాట ఎవరు పుట్టించారో నాకు తెలుసు, పేరు చెప్పను. నిన్నటికి తొమ్మిదిసార్లు చెప్పాను ఇదే కథ. ఇంక ఓపిక లేదు, ఇక్కడ ఒకసారి చెప్పేసి అందరికీ లింకు పంపించేస్తా. పెద్దత్తా, ఇది ముఖ్యంగా మీకోసమే, స్కిప్ చేయకుండా చూడండి. యాడ్ కూడా.

బాబాయ్ ముప్పై ఒక్క ఏళ్ళు అక్కడే ఉన్నాడు. ఆస్పత్రి ల్యాబులో పని, చిన్న ఇల్లు, వెనక ఒక గ్రీన్‌హౌస్‌లో గోంగూర. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకో నాకు తెలియదు, ఇంట్లో ఎవరికీ అడిగే ధైర్యం కూడా రాలేదు, తర్వాత అడిగే వయసు దాటిపోయింది. నేను లెస్టర్ వెళ్ళాక ఆదివారాలు ఆయన మా ఇంటికి వచ్చేవాడు, వచ్చేటప్పుడు గోంగూర కట్ట తెచ్చి, నా పప్పులో ఉప్పు చాల్లేదని చెప్పి వెళ్ళేవాడు. పోయిన సెప్టెంబరులో పోయాడు. నిద్రలోనే అన్నారు.

అక్కడ మనిషి పోతే ఐదు రోజుల్లో రిజిస్టర్ చేయించాలి. అది మన పంచాయతీలాగే అనుకోండి, కాకపోతే అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్ళాలి, ఎదురుగా ఒకావిడ కూర్చుని మెల్లగా ఒక్కొక్కటే అడిగి టైపు చేస్తుంది, టిష్యూ పేపర్ డబ్బా మనవైపు జరుపుతుంది. డెత్ సర్టిఫికెట్ ఒక్కో కాపీ పన్నెండున్నర పౌన్లు. బ్యాంకులకీ వాటికీ కావాలని ఆరు తీసుకున్నాను, 75 పౌన్లు. పౌను 118 లెక్కన 8,850 రూపాయలు. అమ్మకి ఫోన్‌లో చెబితే, "చచ్చిపోయాడని చెప్పడానికి అంతా?" అంది.

కానీ ఒకటి మాత్రం నిజంగా బావుంది. 'టెల్ అస్ వన్స్' అని ఒక సర్వీసు, అంటే ఒక్కసారి చెప్పండి చాలు అని. వాళ్ళిచ్చిన నంబరు పెట్టి ఆన్‌లైన్‌లో ఒకసారి నింపితే పాస్‌పోర్టు వాళ్ళకి, డ్రైవింగ్ లైసెన్సు వాళ్ళకి, పెన్షన్‌కి, ట్యాక్సుకి, కౌన్సిల్‌కి అన్నిటికీ వాళ్ళే చెప్పేస్తారు. బ్యాంకులకి మాత్రం మనమే చెప్పుకోవాలి. ఒక సాయంత్రం నా వంటింట్లో కూర్చుని నింపాను. పెట్టిన టీ చల్లారకముందే అయిపోయింది. భలే ఉందే అనుకుంటూ లేచి కప్పు కడుగుతుంటే అప్పుడు తట్టింది, ముప్పై ఒక్క ఏళ్ళ మనిషిని ఒక టీ లోపల అన్ని రిజిస్టర్లలోంచి తీయించేశానని. సరే, ముందుకెళ్దాం.

ఇప్పుడు ప్రొబేట్. మన వైపు వీలునామా ఉండి, ఎవరూ గొడవ పెట్టకపోతే, డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ పట్టుకుని మ్యుటేషన్‌కి తిరగడమే కదా, ఆ తిరుగుడు నాకన్నా మీకే బాగా తెలుసు. అక్కడ అలా కుదరదు. చనిపోయిన మనిషి ఒక్కడి పేరున ఇల్లుంటే, వీలునామాలో నా పేరున్నా సరే, కోర్టు దాన్ని చూసి "ఇది అసలుదే, పంచే అధికారం ఈవిడదే" అని ఒక కాగితం ఇచ్చేదాకా అమ్మడానికి లేదు. పెద్ద మొత్తమైతే బ్యాంకూ కదలదు. ఆ కాగితమే ప్రొబేట్. ఐదు వేల పౌన్లు దాటిన ఆస్తి ఎంతైనా ఒకటే ఫీజు, నేను కట్టినప్పుడు 300 పౌన్లు, అంటే 35,400 రూపాయలు. కోర్టంటే మెట్లెక్కాలి, లాయరు గుమాస్తాని పట్టుకోవాలి అనుకోకండి, నేను ఒక్కసారి కూడా కోర్టు మొహం చూడలేదు, అంతా లాప్‌టాప్‌లోనే.

ట్యాక్సు సంగతి. పెద్దత్తా, వింటున్నారా? మొత్తం ఆస్తి 3,25,000 పౌన్ల లోపుంటే వారసత్వపు పన్ను ఒక్క పైసా ఉండదు. మన డబ్బుల్లో 3 కోట్ల 83 లక్షలు. అది దాటితే దాటినదాని మీద మామూలుగా 40 శాతం, కాబట్టి పుకారు పుట్టించినవాళ్ళు పూర్తిగా తప్పు కూడా కాదు. కానీ బాబాయ్ ఇల్లూ, దాచుకున్నదీ కలిపినా ఆ గీత దాటలేదు. ఏమీ కట్టలేదు. అయిపోయింది. ఇంక ఆ మాట అనకండి.

ఇందులో ఒక తమాషా ఉంది. బాబాయ్ అక్కడే పూర్తిగా స్థిరపడ్డాడు కాబట్టి ఇక్కడున్న అరవై సెంట్ల కొబ్బరితోట కూడా లెక్కలో చూపించాలి, చనిపోయిన రోజుకి మార్కెట్లో ఎంత పలుకుతుందో అంత. నాన్నని అడిగితే, "గవర్నమెంటు రేటు వెయ్యమ్మా, మార్కెట్ రేటు ఎవరైనా రాసుకుంటారా?" అన్నారు. నాన్నా, వాళ్ళడిగేదే మార్కెట్ రేటు. ఆయన రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. బయటి దేశంలో లక్ష పౌన్లు, అంటే కోటీ పద్దెనిమిది లక్షలు, దాటి ఉంటే పెద్ద ఫారం నింపాలి, మన తోట ఆ దరిదాపుల్లో లేదు కాబట్టి బతికిపోయాను.

ఇంక అసలు కథకి వస్తా. పిన్ను.

బాబాయ్ వీలునామా లెస్టర్‌లోనే రాయించాడు, మూడు పేజీలు, ఇద్దరు సాక్షులు. కానీ అసలు కాగితం అక్కడ పెట్టుకోలేదు. ఒకసారి సంక్రాంతికి వచ్చినప్పుడు నాన్న చేతిలో పెట్టి "దాచు అన్నయ్యా" అన్నాడట. ఆయనకి బ్యాంకు లాకరన్నా మా నాన్న ఇనప్పెట్టె అంటేనే నమ్మకం. ఇంటి దస్తావేజులు, పాస్‌పుస్తకాలు, తాతయ్య కాలంనాటి నీటితీరువా రసీదులు, వాటి మధ్యలో ఇదీ.

అక్టోబరులో అస్థికలు తెచ్చి అంతర్వేది దగ్గర కలిపి, తిరిగి వెళ్ళేటప్పుడు వీలునామా నా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని వెళ్ళాను. అప్లికేషన్ ఆన్‌లైన్‌లో పెట్టినా అసలు వీలునామా మాత్రం పోస్టులో ప్రొబేట్ ఆఫీసుకి పంపించాలి. పంపేముందు సూచనలు చదువుతున్నాను, రాత్రి పదకొండు. స్టేపుల్ పిన్ను తీయవద్దు, ఏమీ గుచ్చవద్దు, క్లిప్పు పెట్టవద్దు అని ఉంది. నేను వీలునామా వైపు చూశాను. ఎడమ పక్క పైమూలలో, మూడు పేజీలకీ, రెండు చిన్న చిల్లులు. చుట్టూ బెల్లంరంగు తుప్పు మరక. దాని కింద ఇంకో చిల్లు, పెద్దది. అందులోంచి తెల్లటి ట్యాగు దారం, రెండు కొసలకీ ఇత్తడి ముక్కలు, చక్కగా ముడి.

పిన్ను లేదు.

ఎందుకంత పట్టింపంటే, పిన్ను తీసి మళ్ళీ పెట్టిన గుర్తులుంటే వాళ్ళకి అనుమానం. దీనికి ఇంకో పేజీ ఉండేదా, ఎవరైనా తీసేశారా, తర్వాత మార్చి రాసిన కాగితం ఏదైనా దీనికి తగిలించి ఉండేదా అని. ఆలోచిస్తే న్యాయమే. కానీ మన ఇళ్ళల్లో చిల్లు లేని దస్తావేజు ఒక్కటి చూపించండి. చిల్లు లేకపోతే మనం దాన్ని దస్తావేజు అనం.

అక్కడ అర్ధరాత్రి, ఇక్కడ తెల్లారింది. ఫోన్ చేశాను. "నాన్నా, బాబాయ్ వీలునామాకి పిన్ను తీశారా?" "తీశానమ్మా, తుప్పట్టేసింది. వదిలేస్తే కాగితం తినేస్తుంది కదా. దబ్బనంతో చిల్లు పొడిచి ట్యాగు కట్టాను. బాగా కట్టానా?" ఆ "బాగా కట్టానా" అన్నదానికి నేను ఏం చెప్పాలి? "బాగా కట్టారు నాన్నా" అన్నాను.

కట్టిన ట్యాగు విప్పకుండా అలాగే పంపించాను. అనుకున్నట్టే కొన్ని వారాలకి ప్రశ్న వచ్చింది, ఈ చిల్లులేమిటి, వీటి సంగతి తెలిసిన మనిషి రాతపూర్వకంగా చెప్పాలి అని.

నాన్న రిటైర్డ్ హెడ్మాస్టరు. ఆయన ఆ రోజంతా పండగ చేసుకున్నారు. రాజోలు వెళ్ళి వంద రూపాయల స్టాంపు పేపరు కొని, నోటరీ చేత గుండ్రటి సీలు వేయించి, ఆకుపచ్చ సంతకం పెట్టించి, ఫోటో తీసి పంపారు. నాన్నా, వాళ్ళకి స్టాంపు పేపరు అక్కర్లేదు. నోటరీ కూడా అక్కర్లేదు. తెల్లకాగితం మీద రాసి, చివర "ఇందులో రాసినవి నిజమని నమ్ముతున్నాను" అని వాళ్ళు చెప్పిన మాట పెట్టి, సంతకం చేస్తే చాలు. "సీలు లేకుండా ఎలా నమ్ముతారే?" అని ఆయన. ఇంకోసారి అడిగారు. మూడోసారి తమ్ముడిచేత అడిగించారు. చూడండి విచిత్రం, తెల్లకాగితం మీద మా నాన్న మాట నమ్ముతారు, చిల్లుని మాత్రం నమ్మరు. 1852కల్లా ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టి వెళ్ళిన కాటన్ దొర దేశం అది, మా నాన్న పొడిచిన ఒక్క దబ్బనం చిల్లు దగ్గర ఆగిపోయింది.

అవునూ, ఇందులోనే ఇంకో గొడవ. వీలునామాలో ఎగ్జిక్యూటర్లు, అంటే దాన్ని అమలు చేయాల్సినవాళ్ళు, ఇద్దరం, నాన్నా నేనూ. నాన్న ఇక్కడున్నారు కాబట్టి నేనొక్కదాన్నే అప్లై చేసి, ఆయన తర్వాత కావాలంటే చేరొచ్చన్నట్టు పెట్టొచ్చు, దాన్ని 'పవర్ రిజర్వ్‌డ్' అంటారు. ఆ సంగతి ఆయనకి ముందే ఉత్తరంలో తెలియజేయాలి కూడా. ఆ ఉత్తరం చదివి, "రిజర్వులో పెట్టారా? నేనేమన్నా ఎక్‌స్ట్రా ప్లేయర్నా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు, కానీ ఆ ఉత్తరం ఇప్పటికీ కళ్ళజోడు డబ్బా కింద మడిచి ఉంది, పొద్దున చూశాను.

చివరికి తెల్లకాగితం మీద ఇంగ్లీషులో రాశారు, పేజీన్నర, పేరాలకి నంబర్లు వేసి. మా ఊరు సముద్రానికి దగ్గర, ఉప్పుగాలికి ఇక్కడ ఇనుము నిలవదు. పిన్ను తీసింది నేను. అప్పుడు వేరే కాగితం ఏదీ దానికి తగిలించి లేదు. చిల్లు పొడిచింది నేను. ఇంతవరకు చాలు. కానీ ఐదో పేరా ఉంది. తమ్ముడు నాకన్నా పదకొండేళ్ళు చిన్న, వాడి చెయ్యి పట్టుకుని పలక మీద ఓనమాలు దిద్దించింది నేనే, వాడు దాచమన్నాడు, దాచాను. నాన్నా, ఇది వాళ్ళకి అక్కర్లేదు, తీసేద్దాం అన్నాను. ఆయన ఏమీ అనలేదు, తీయనూ లేదు. అలాగే వెళ్ళింది ప్రొబేట్ ఆఫీసుకి. ఎవరో ఒక గుమాస్తా చదివే ఉంటాడు.

మార్చిలో ప్రొబేట్ వచ్చింది. మేం తీసుకున్నప్పుడు సీలున్న అదనపు కాపీ ఒక్కోటి పౌనున్నర, 177 రూపాయలు. డెత్ సర్టిఫికెట్ పన్నెండున్నర, ఇది ఒకటిన్నర, ఆ లెక్కేమిటో నాకైతే అర్థం కాలేదు. తర్వాత గెజిట్‌లో ప్రకటన వేయించాను, ఆయన ఎవరికైనా బాకీ ఉంటే చెప్పండి అని. ఆ గెజిట్ 1665 నుంచి వస్తోందట. రెండు నెలలు దాటేదాకా ఆగి అప్పుడు పంచుకోవడం క్షేమం, లేకపోతే తర్వాత ఎవరైనా వస్తే నా మెడకి చుట్టుకుంటుంది. మన దగ్గరైతే అప్పులవాళ్ళు పెద్దకర్మ నాటికే అరుగు మీద కూర్చుంటారు, ప్రకటన ఖర్చు మిగులు. బాబాయ్‌కి బాకీలేమీ లేవు. లైబ్రరీ పుస్తకం ఒకటుంటే నేనే తిరిగిచ్చాను. ఇల్లు ఇంకా అమ్మకానికే ఉంది, చూసినవాళ్ళందరికీ వంటగది చిన్నదట. గ్రీన్‌హౌస్ బాగుంది అంటారు, లోపల ఎండిపోయిన కుండీలు.

నిన్న రాత్రి భోజనాలయ్యాక సీలు కాపీ ఒకటి నాన్నకి ఇచ్చాను. లైటు కిందికి తీసుకెళ్ళి రెండువైపులా చూశారు, సీలుని బొటనవేలితో తడిమారు. ఇనప్పెట్టె తెరిచారు, కర్పూరం వాసన. కిందనుంచి దబ్బనం తీశారు.

"దీనికి పొడవచ్చా?"

ఇది కాపీయే నాన్నా, పొడవండి అన్నాను. అమ్మ ట్యాగు దారం కోసం వెతుకుతుంటే నేను ఫోన్ టార్చి పట్టుకున్నాను. అందుకే ఆ ముక్క వీడియో తీయలేకపోయాను.