రాయి లేని తీరంలో సముద్రపు నాచు

సభకు నమస్కారం. వృక్షశాస్త్ర విభాగం అధ్యాపకులకు, కోనసీమ నలుమూలల నుంచి వచ్చిన విద్యార్థులకు నా కృతజ్ఞతలు. గోదావరి డెల్టాలో సముద్రపు నాచుల వైవిధ్యం మీద పరిశోధన చేస్తున్నానని చెప్పినప్పుడు, ఈ శాస్త్రం తెలిసినవారు ముందుగా అడిగే మాట ఒక్కటే: అక్కడ నాచు ఎక్కడుంది? ఆ ప్రశ్న న్యాయమైనదే. నేను ఈ చదువులోకి వచ్చిన దారి కూడా ఆ ప్రశ్న మీదుగానే సాగింది కాబట్టి, ఈ రోజు దాని గురించే మాట్లాడతాను.

సముద్రపు నాచుకు చెట్టుకు ఉన్నట్టు వేరు ఉండదు. అడుగున హోల్డ్‌ఫాస్ట్ అనే చిన్న పట్టుభాగం ఉంటుంది. కాలెర్పా వంటి కొన్నిటిని మినహాయిస్తే, దాని పని ఆహారం పీల్చడం కాదు, అలలకు కొట్టుకుపోకుండా ఆపడం. పోషకాలను నాచు తన ఒంటి నిండా నీటి నుంచే తీసుకుంటుంది. అందుచేత దానికి నేల సారంతో కన్నా కదలకుండా నిలిచే ఆధారంతో ఎక్కువ పని. ఆ ఆధారానికి తోడు వెలుతురు కావాలి, తగినంత ఉప్పదనం కావాలి. 2001లో వెలువడిన ఒక జాబితా భారత తీరంలో 844 జాతులను లెక్కగట్టింది. వాటిలో ఎక్కువ భాగం గుజరాత్, తమిళనాడు, లక్షద్వీప్, అండమాన్ తీరాలవే, అంటే రాయో పగడమో ఉన్న చోట్లవే. 1927లో ఎం.ఓ.పి. అయ్యంగార్ మన్నారు సింధుశాఖలోని కురుసడై దీవి నాచుల గురించి రాసిన నాటి నుంచీ మన నాచుశాస్త్రం చూపు ప్రధానంగా అలాంటి తీరాల మీదే ఉంది.

మన తీరం అలాంటిది కాదు. 1,465 కిలోమీటర్లు ప్రవహించి, మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడిన పరీవాహక ప్రాంతపు మట్టిని మోసుకొచ్చిన గోదావరి, ధవళేశ్వరం దిగువన గౌతమిగా, వసిష్ఠగా, ఆపైన వైనతేయగా చీలి ఆ మట్టినంతా ఇక్కడ దించింది. అంతర్వేది నుంచి కాకినాడ దాకా నడిచినా మీ కాలికి తగిలేది ఇసుక, బురద. ప్రకృతి పెట్టిన బండరాయి ఒక్కటి కూడా కనబడదు. నదీ ముఖాల దగ్గర నీరు బురదతో మసకబారి ఉంటుంది, ఉప్పదనం కాలాన్ని బట్టి మారిపోతుంది. నాచుకు కావలసిన మూడింటిలో ఒక్కటీ ఇక్కడ నిలకడగా దొరకదు.

నేను డిగ్రీ కోనసీమలోనే చదివాను. అప్పట్లో నాకు తెలిసిన సముద్రపు నాచు ఫార్మలిన్ సీసాలో రంగు పోయి తేలుతున్న సర్గాసమ్ ఒక్కటే. ఎమ్మెస్సీకి విశాఖపట్నం వెళ్లాక, పాటు వేళ బయటపడిన బండల మీద నాచును బతికుండగా చూశాను. అల బలంగా కొట్టే రాతి అంచున కీటోమార్ఫా యాంటెనీనా కుచ్చులు, పక్కనే అల్వా ఆకుపచ్చ రేకులు, ఇంకాస్త దిగువన ఎరుపు గ్రాసిలేరియా, ఆ కింద గోధుమరంగు సర్గాసమ్ వరుసలు తీరి ఉన్నాయి. ఏ జాతి ఏ మట్టంలో ఉండాలో నిర్ణయించేవి అల, ఎండ, నీరు లేని గంటలు, పక్క జాతితో పోటీ. ఉమామహేశ్వరరావు, శ్రీరాములు గార్లు విశాఖ తీరంలోని ఈ అమరిక మీద 1964లో ప్రచురించిన పరిశోధన వ్యాసం చదివాక, అంతవరకు నాకు కేవలం అందంగా కనిపించిన ఆ రాతిగోడ ఒక వాదనలా కనిపించడం మొదలైంది.

మరి మా ఊరి వైపు సంగతేమిటని మా గురువుగారిని అడిగాను. ఆయన అన్న మాట నా దిశ మార్చింది. “విశాఖలో అన్నీ ఉన్నాయి, కాబట్టి దేనివల్ల ఏది బతుకుతోందో విడదీయడం కష్టం. ఏదో ఒకటి లేని చోట వెతుకు, కారణం అక్కడే తేలిగ్గా దొరుకుతుంది” అన్నారు. పిహెచ్‌డీలో చేరి నేను తిరిగి డెల్టాకు రావడానికి కారణం ఊరి మీది ప్రేమ ఒక్కటే కాదు, ఆ మాట కూడా.

రాయి లేని చోట నాచు దేన్ని పట్టుకుంటుంది? కోరింగ మడ అడవుల్లో దీనికి జవాబు దొరుకుతుంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ అడవి సుమారు 235 చదరపు కిలోమీటర్లలో, కోరింగ, గాడేరు పాయల చుట్టూ అల్లుకుని ఉంది. ఎదురుగా హోప్ ఐలాండ్ ఇసుక తిన్నె కాకినాడ అఖాతాన్ని సముద్రపు అలల నుంచి కాస్తోంది. బురదలో గాలి ఆడదు కనుక మడచెట్టు తన శ్వాస వేర్లను నిటారుగా పైకి పంపుతుంది. నీరు తీసిన వేళ పడవ దిగి, మోకాలి లోతు బురదలో నిలబడి చూస్తే, చెట్టు చుట్టూ పెన్సిలంత లావున వందల వేర్లు పొడుచుకొచ్చి ఉంటాయి. దూరం నుంచి వాటికి మురికి పట్టినట్టే ఉంటుంది. వంగి, చేతి కటకంతో చూడండి. ఆ మురికి ముదురు ఊదారంగు ఎర్రనాచు. కొసలు లోపలికి ముడుచుకున్న సన్నని పోగులైతే అది బోస్ట్రైకియా. నడుమ ఈనె ఉండి, అక్కడక్కడా నొక్కుకుపోయిన పల్చని రేకులైతే కాలోగ్లోసా. పూసలు గుచ్చినట్టు ముక్క మీద ముక్కగా సాగితే కాటెనెల్లా. ఉష్ణమండలపు మడ అడవుల్లో ఖండాలు దాటి ఈ మూడు ప్రజాతులే జట్టుగా కనిపించడం నాచుశాస్త్రంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆకట్టుకున్న విషయం.

ఈ చోటు వాటికి ఎలా సరిపోయిందో చూడండి. ఎర్రనాచులోని ఫైకోఎరిత్రిన్ అనే వర్ణకం ఆకుపచ్చ వెలుగును కూడా పట్టుకుంటుంది. ఆకుల గుబురు కింద, మసక నీటిలో అందే కొద్దిపాటి వెలుతురు దానికి అలా చాలుతుంది. ఇక ఉప్పు సంగతి. సముద్రపు నీటిలో వెయ్యింటికి దాదాపు 35 వంతుల ఉప్పు ఉంటుంది. వర్షాకాలంలో ఎర్రనీరు దిగినప్పుడు పాయల్లో అది మంచినీటి దగ్గరికి పడిపోతుంది, వేసవిలో మళ్లీ పైకి లేస్తుంది. ఇంత మార్పును తట్టుకోవడానికి బోస్ట్రైకియా తన కణాల్లో సార్బిటాల్, డల్సిటాల్ అనే చక్కెర ఆల్కహాల్‌లను, కాలోగ్లోసా మానిటాల్‌ను నిలవచేస్తాయి. బయట ఉప్పు పెరిగితే లోపల వీటి మోతాదు పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. విశాఖ బండ మీది సర్గాసమ్‌ను తెచ్చి ఇక్కడ పెడితే వరద నెలల్లో నిలవదు. కాబట్టి డెల్టాను జాతులు తక్కువ ఉన్న చోటుగా మాత్రమే చూడటం సరికాదని నా అభిప్రాయం. కఠినమైన పరీక్ష నెగ్గినవి మాత్రమే ఉన్న చోటుగా చూడాలి.

గుర్తుపట్టడం మాత్రం తేలిక కాదు. రొయ్యల చెరువుల తూముల మీద, కాంక్రీటు గట్ల మీద పెరిగే ఆకుపచ్చ గొట్టాల వంటి నాచును పాత పుస్తకాలన్నీ ఎంటెరోమార్ఫా అన్నాయి. 2003లో జన్యు ఆధారాలతో దాన్ని అల్వాలోనే కలిపేశారు. రేకు, గొట్టం అనే తేడా ఎంత పెద్దదిగా కనిపించినా వంశాన్ని చెప్పలేదు. అంతకుముందు 1949లోనే కాథ్లీన్ డ్రూ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, గుల్లల పెంకుల్లో పెరిగే కాంకోసీలిస్ అన్నది వేరే జాతి కాదని, పోర్ఫైరా నాచు జీవితంలో ఒక దశ అని చూపారు. జపాన్‌లో తినే నోరి అనే నాచు సాగుకు ఆ ఒక్క పరిశీలనే ఆధారమైంది. అందుకే నేను ఆకారం చూసి పెట్టిన పేరును, ఆర్‌బీసీఎల్ వంటి జన్యువుల వరుసతో సరిచూసుకున్నాకే నమోదు చేస్తాను.

అయినా హెర్బేరియం పని, అంటే నమూనాలను ఆరబెట్టి కాగితం మీద భద్రపరచడం, మానకూడదు. మీలో కొందరు దీన్ని పాత పద్ధతి అనుకోవచ్చు. పళ్లెంలో నీళ్లు పోసి, నాచును తేలనిచ్చి, కింద నుంచి మందపాటి కాగితం జొనిపి, కుంచెతో ఒక్కొక్క కొమ్మా విడదీస్తూ మెల్లగా పైకెత్తాలి. పైన పల్చని నూలుగుడ్డ పరిచి, అద్దుడు కాగితాల మధ్య పెట్టి, ఆ కాగితాలు రోజూ మారుస్తూ బరువు కింద ఆరబెట్టాలి. నాచులోని జిగురే దాన్ని కాగితానికి అంటిస్తుంది. ఆ కాగితం మీద తేదీ, చోటు, ఏ చెట్టు వేరు, బురద నుంచి ఎంత ఎత్తు, నీటి ఉప్పదనం ఎంత అన్నవి రాయకపోతే పనంతా వృథా. నాచు లేని వేర్లను కూడా లెక్కించి రాయాలని నేను గట్టిగా చెబుతాను. మన దేశంలో జాతుల జాబితాలు చాలా ఉన్నాయి గాని, వెతికినా దొరకని చోట్ల లెక్క వాటిలో అరుదు.

ఇప్పుడు మన తీరమే మారుతోంది. ఎగువ ఆనకట్టల వల్ల నది తెచ్చే ఒండ్రు తగ్గింది, డెల్టా అంచులు చాలాచోట్ల కోతకు గురవుతున్నాయి. ఉప్పాడలో ఊరిని కాపాడటానికి రాళ్లు పేర్చవలసి వచ్చింది. రేవుల దగ్గర రాతిగట్లు లేచాయి. నాచు కోణంలో చూస్తే, రాయి లేని తీరానికి మనిషి రాయి తెచ్చిపెట్టాడు. ఇలాంటి రాళ్ల మీద అల్వా, కీటోమార్ఫా వంటివి త్వరగా స్థిరపడతాయి. మా లెక్కలో ఒక్కో గట్టుతో జాతుల సంఖ్య పెరుగుతుంది. కాని ఆ పెరుగుదలను తీరం బాగుపడిందనడానికి గుర్తుగా తీసుకోకూడదు. మడ వేరు పోయిన చోట బోస్ట్రైకియా పోతుంది, దాని తడిలో తలదాచుకునే చిన్న నత్తలు, పీత పిల్లలు పోతాయి. జాతుల సంఖ్య ఒక్కటే చూసే నివేదికలో ఆ నష్టం కనబడదు.

సాగు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మత్స్యకార గ్రామాల్లో నన్ను అందరూ అడిగేది దాని గురించే. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సముద్రపు నాచు కోసం 640 కోట్ల రూపాయలు ప్రకటించారు. ఎక్కువగా ప్రచారంలో ఉన్నది, ఆహారాన్ని చిక్కబరిచే కారాజీనన్ అనే పదార్థం తీసే కాపాఫైకస్ నాచు. అది విదేశీ జాతి, పూర్తి ఉప్పునీరు కావాలి. అయ్యంగార్ అధ్యయనం చేసిన కురుసడై దీవి పగడాల మీదికి అది పాకి కమ్మేసిందని 2008లో శాస్త్రవేత్తలు నమోదు చేశారు. ఎర్రనీరు దిగే నదీ ముఖాల దగ్గర దాన్ని వేస్తే రైతు నష్టపోతాడు, నిలిచిన చోట పర్యావరణానికి ముప్పు. మీ మైక్రోబయాలజీ ప్రయోగశాలలో పెట్రీ గిన్నెలో పోసే అగార్, ప్రయోగశాల సహాయకురాలు ఫానీ హెస్సే సూచనతో 1880లలో శాస్త్రంలోకి వచ్చిన ఆ పదార్థం, గ్రాసిలేరియా నుంచీ వస్తుంది. ఉప్పు హెచ్చుతగ్గులను తట్టుకునే జాతులు ఆ ప్రజాతిలో ఉన్నాయి. డెల్టాలో ప్రయోగమంటూ చేస్తే స్థానిక గ్రాసిలేరియాతో, వరద లేని నెలల్లో, చిన్న ఎత్తున మొదలుపెట్టాలని నేను కోరుతున్నాను.

ఈ పనిలోకి రాదలచినవారు ఎర్రనీరు తగ్గాక, జనవరి నుంచి మే లోపల రండి. అభయారణ్యంలో అడుగు పెట్టే ముందు అటవీశాఖ రాతపూర్వక అనుమతి తప్పనిసరి. పోటుపాట్ల పట్టిక చూసుకోండి, పడవ నడిపే బాబాయిని కూడా అడగండి. పాయలో నీరు ఎప్పుడు తిరుగుతుందో పట్టిక కన్నా ఆయనకే బాగా తెలుసు. కటకం, కొలబద్ద, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరు, పెన్సిలు తెచ్చుకోండి. పెన్ను రాత తడికి చెదిరిపోతుంది. వేరును కోయకండి, నాచును మాత్రం గీకి తీసుకోండి. ఆ వేరు చెట్టుకు ఊపిరి.