బెల్ట్ ఎవరి నడుముకుంది? సైన్స్ ఫిక్షన్ సమాజాల్లో గర్భనిరోధం

[స్క్రీన్ మీద: ఆకుపచ్చ బెల్ట్, వెండి బిగింపులు, వరసగా చిన్న చిన్న అరలు]

ఈ బెల్ట్‌ని కాస్త దగ్గరగా చూడండి. అచ్చంగా తోలులా ఉంటుంది, తోలు కాదు. తూటాలు పెట్టుకునే బెల్ట్‌కి ఉన్నట్టే అరలున్నాయి, కానీ వాటినిండా ఉన్నది గర్భనిరోధక సామగ్రి. ఆల్డస్ హక్స్‌లీ 1932లో రాసిన ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ నవలలో లెనీనా అనే అమ్మాయి దీన్ని కట్టుకుని తిరుగుతుంది. దీని పేరు మాల్తూసియన్ బెల్ట్. జనాభా తిండిగింజల్ని మించి పెరిగిపోతుందని 1798లో హెచ్చరించిన మాల్తస్ పేరే పెట్టారు. గర్భనిరోధక మాత్రకు అమెరికాలో అనుమతి వచ్చింది 1960లో. అంటే ఈ నవల అంతకు 28 ఏళ్ల ముందుది.

ఆ లోకంలో పెళ్లిళ్లు లేవు, పిల్లలు సీసాల్లో పెరుగుతారు, ఎవరు ఎవరితో ఉన్నా తప్పు కాదు. పైపైన చూస్తే ఆడా మగా సమానమే. కానీ బెల్ట్ ఆడవాళ్ల నడుముకే ఉంది. అందుకే ఏ కల్పిత సమాజం గురించి చదివినా ‘ఇక్కడ ఆడవాళ్లకు స్వేచ్ఛ ఉందా’ అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. గర్భం రాకుండా చూసుకునే పని ఎవరి మీద పడింది? అది తప్పిపోయిన రోజున ఎవరు అనుభవించారు? ఈ రెండూ అడిగితే ఆ సమాజం గుట్టు బయటపడుతుంది.

[స్క్రీన్ మీద: 100 చుక్కలు, వాటిలో 70 రంగు మారతాయి]

హక్స్‌లీ ఏర్పాటు రెండు దశల్లో నడుస్తుంది. మొదటి దశ పిండంగా ఉన్నప్పుడే. ఆడ పిండాల్లో 30 శాతాన్ని మామూలుగా ఎదగనిస్తారు. మిగిలినవాటికి సీసా పట్టా మీద కదులుతుండగా ప్రతి 24 మీటర్లకూ ఒక మోతాదు పురుష హార్మోన్ ఇస్తారు. వాళ్లు గొడ్డువాళ్లుగానే పుడతారు. వాళ్లను ‘ఫ్రీమార్టిన్’ అంటారు. ఈ మాట కల్పన కాదు, పాడి పశువుల నుంచి వచ్చింది. ఆవుకు కోడెదూడతో కవలగా పెయ్యదూడ పుడితే, కడుపులో రెండింటి మాయలోని రక్తనాళాలు కలిసిపోయి కోడె హార్మోన్లు పెయ్యకు చేరతాయి. ఆ పెయ్య దాదాపు ఎప్పుడూ చూలు కట్టదు. పశువులతో పనిచేసేవాళ్లకు ఇది బాగా తెలిసిన సంగతే.

రెండో దశ డ్రిల్లు. మామూలుగా ఎదిగిన ఆ 30 శాతం అమ్మాయిలకు 12 ఏళ్ల నుంచి 17 ఏళ్ల దాకా వారానికి మూడుసార్లు గర్భం రాకుండా చూసుకోవడం నేర్పిస్తారు. రెప్ప వేసినంత అలవాటుగా జరిగిపోవాలని.

అయినా తప్పింది. లిండా అనే ఆమె, ఈ నాగరికత బయట ఉన్న రిజర్వేషన్ ప్రాంతానికి విహారానికి వెళ్లి తప్పిపోతుంది. అంకెలు లెక్కపెట్టుకుంటూ డ్రిల్లంతా సక్రమంగా చేశానని ఒట్టేసి చెబుతుంది, కానీ గర్భం నిలిచింది. తప్పు లిండాది కాదు. ఏ పద్ధతీ నూటికి నూరుపాళ్లు పనిచేయదు కాబట్టే నగరంలో అబార్షన్ కేంద్రం ఉంది. రిజర్వేషన్‌లో అది లేదు. ఆ బిడ్డకు తండ్రైనవాడు లండన్‌కి తిరిగి వెళ్లి పెద్ద పదవికి ఎదిగాడు. ‘అమ్మ’ అన్నది బూతుమాటైన లోకంలో పుట్టిపెరిగిన లిండా అమ్మై అక్కడే ఉండిపోయింది. ఈ నవలలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఈ భాగమే.

[స్క్రీన్ మీద: జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019–21]

ఇది దూరపు సంగతి అనుకోకండి. మన ఇళ్లలో ‘ఆపరేషన్ అయిందా?’ అని ఎవరిని అడుగుతారు? ఆ సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల వివాహితల్లో సుమారు 70 శాతం మందికి ట్యూబెక్టమీ, అంటే ఆడవాళ్లకు చేసే పిల్లల ఆపరేషన్, జరిగింది. దేశం మొత్తం మీద మగవాళ్లకు చేసే ఆపరేషన్‌ని, అంటే వేసెక్టమీని, ఎంచుకున్న జంటలు 0.3 శాతం. రెండిట్లో తేలికైనది వేసెక్టమీయే. పొట్ట తెరవక్కర్లేదు, చిన్న మత్తు ఇంజెక్షన్ చాలు. మూడు నెలల తర్వాత వీర్య పరీక్ష చేయించుకుని, అందులో కణాలు లేవని తేలేదాకా వేరే జాగ్రత్త వాడాలి. మగవాళ్లకు ఈ ఆపరేషన్ అంటే ఉన్న భయం వెనక ఒక చరిత్ర కూడా ఉంది. ఎమర్జెన్సీ కాలంలో, 1976–77 ఏడాదిలోనే, 60 లక్షలకు పైగా వేసెక్టమీలు చేశారు, చాలాచోట్ల బలవంతంగా. ఆ దెబ్బకు భారమంతా మళ్లీ ఆడవాళ్ల మీదికే వచ్చింది.

[స్క్రీన్ మీద: మంచు మైదానం]

భారం ఎవరి మీదైనా పడగలిగితే? ఉర్సులా లె గ్విన్ 1969 నవల ‘ద లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్’లో గెథెన్ గ్రహవాసులకు స్థిరమైన లింగం లేదు. 26 నుంచి 28 రోజుల చక్రంలో మూడు వారాలు ఎటూ కాకుండా ఉంటారు. తర్వాత ‘కెమ్మర్’ వస్తుంది. జంటలో ఒకరు ఆడగా, ఒకరు మగగా మారతారు, ఎవరు ఏదవుతారో ముందు తెలియదు. గర్భం నిలిస్తే ఆ ఒంటికి 8.4 నెలలు, ఆపైన పాలిచ్చే 6–8 నెలలు. కొందరు పిల్లలకు తల్లైన మనిషే ఇంకొందరికి తండ్రి. రాజుకూ గర్భం వస్తుంది. కాబట్టి ‘పిల్లల్ని కంటుంది, ఆ పనికి పనికిరాదు’ అని ఎవరినీ పక్కనపెట్టలేరు. కానీ అదే గ్రహంలో, నిర్బంధ శిబిరంలో ఖైదీలకు కెమ్మర్ రాకుండా మందు ఎక్కిస్తారు. లింగభేదం పోయినంత మాత్రాన ఒంటి మీద రాజ్యం పెత్తనం పోదని ఆ ఒక్క దృశ్యంతో తెలుస్తుంది.

తెలుగులోకి తెచ్చేవాళ్లకు ఒక మాట. లె గ్విన్ అందరికీ పుంలింగ సర్వనామమే వాడారు, దాని మీద విమర్శలు వచ్చాయి. మనకు ‘తను’ ఉంది, కానీ క్రియ దగ్గర ‘వచ్చాడు, వచ్చింది’ అనేసరికి దొరికిపోతాం. ‘వారు వచ్చారు’ అంటే ఇబ్బంది ఉండదు.

[స్క్రీన్ మీద: రెండు గ్రహాలు, పక్కపక్కన]

లోయిస్ మెక్‌మాస్టర్ బుజోల్డ్ నవలల్లో పరికరం ఒకటే, సమాజాలు రెండు. పరికరం కృత్రిమ గర్భాశయం. బీటా కాలనీలో బతుకంతా ఎడారి కింద, చోటు కొరత. అమ్మాయి ఈడుకు రాగానే గర్భనిరోధక ఇంప్లాంట్ పెడతారు, దాన్నో వేడుకగా చేస్తారు. పిల్లలు కావాలంటే అనుమతి తెచ్చుకోవాలి. అంటే గర్భం ‘వచ్చేది’ కాదు, ‘కోరుకునేది’. సైనిక సంప్రదాయాల బారాయర్‌కి ఆధునిక వైద్యం చేరాక జరిగింది వేరు: తల్లిదండ్రులు కొడుకుల్నే ఎంచుకున్నారు, ఒక తరం వచ్చేసరికి పెళ్లికూతుళ్లు కరువయ్యారు. స్కానింగ్ సెంటర్లలో లింగ నిర్ధారణను నిషేధిస్తూ 1994లో చట్టం తెచ్చుకున్న దేశానికి ఇందులో అర్థం కానిది ఏముంది? 2011 జనాభా లెక్కల్లో ఆరేళ్ల లోపు మగపిల్లలు 1000 మందికి ఆడపిల్లలు 920 మంది కూడా లేరు.

ఇలాంటి కథ రాయబోతుంటే కొన్ని సంగతులు ముందే తేల్చుకోండి. పరికరం ఎవరి ఒంట్లో ఉంటుంది, ఎవరి అనుమతితో తీస్తారు, ఖర్చెవరిది. కృత్రిమ గర్భాశయం పెడితే ఏ వారం నుంచో రాసుకోండి. 2017లో ఫిలడెల్ఫియాలో గొర్రె పిండాల్ని ద్రవం నింపిన సంచిలో నాలుగు వారాల దాకా బతికించారు, కానీ అవి తల్లి కడుపులో సుమారు మూడున్నర నెలలు పెరిగాక తీసినవి. మొదటి రోజు నుంచీ సీసాలో పెంచడం ఇప్పటికీ కల్పనే. అన్నిటికన్నా ముందు, పరికరం పాడైతే ఇంకొకటి ఎంత దూరంలో, ఎన్ని రోజుల్లో దొరుకుతుందో లెక్క వేసుకోండి. లిండా కథ మొత్తం ఆ దూరం మీదే నడిచింది.