వరంగల్ అనే ఎనిమిది అక్షరాల్లో

అందరికీ నమస్కారం. సెలవు రోజైనా పిల్లలను వెంటబెట్టుకొని వచ్చిన తల్లిదండ్రులకు, తోటి ఉపాధ్యాయులకు కృతజ్ఞతలు. 1904లోనే శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయాన్ని స్థాపించుకున్న ఊరు మన హనుమకొండ. చదువు మీద ఇంత మమకారం ఉన్న చోట అక్షరాల గురించి మాట్లాడే అవకాశం వచ్చినందుకు సంతోషంగా ఉంది.

బోర్డు మీద వరంగల్ పేరును ఇంగ్లీషులో రాశాను. డబ్ల్యూ, ఏ, ఆర్, ఏ, ఎన్, జీ, ఏ, ఎల్. మొత్తం ఎనిమిది, అందులో ఏ మూడుసార్లు. వీటితో ఏయే ఇంగ్లీషు మాటలు కూడతాయో వెతకమని ఎనిమిదో తరగతి పిల్లలకు చాలా ఏళ్ళుగా చెబుతూ వచ్చాను. మొదటి నిమిషంలోనే వార్, రా, లా వచ్చేస్తాయి. ఆ వెంటనే ఎవరో ఒకరు ‘వాల్’ అంటారు. గోడ. కానీ ఆ మాటకు ఎల్ రెండు కావాలి, మన దగ్గర ఉన్నది ఒక్కటే. అప్పుడు తరగతి అంతా నిశ్శబ్దంగా బోర్డు వైపు చూస్తుంది. ఆ చూపు కోసమే నేను ఈ పని పెట్టుకున్నాను.

మన పిల్లలు గుణింతాలతో చదువు మొదలుపెట్టినవాళ్ళు. తెలుగులో విన్నది విన్నట్టు రాస్తే చాలావరకు సరిపోతుంది. ఇంగ్లీషులో అలా కుదరదు. రెండో ఎల్ చెవికి వినిపించదు, కంటికే కనిపిస్తుంది. పరకాల వైపు పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అమ్మాయి ఉండేది. స్పెల్లింగు అంటే భయపడి వెనక బెంచీలో కూర్చునేది. ఒకరోజు డిక్షనరీ పట్టుకొని నా దగ్గరకు వచ్చి, “సార్, జీ, ఎన్, ఏ, డబ్ల్యూ. ఇది మాటేనా?” అని అడిగింది. మాటే. ‘నా’ అని పలుకుతారు, ఎలుక కొరికినట్టు కొరకడం. “మరి జీ ఎక్కడికి పోయింది సార్?” అంది. ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళు ఆ జీని పలికేవారు, కాలక్రమంలో పలుకుబడి మారింది గానీ రాత మారలేదు అని చెప్పాను. మర్నాడు అదే అమ్మాయి ‘నార్ల్’ తెచ్చింది. జీ, ఎన్, ఏ, ఆర్, ఎల్. చెట్టు మాను మీద తేలే ముడి. జీ పక్కన ఎన్ నిలబడగలదని తనంతట తాను కనిపెట్టింది. ఒక్కో మాటను పదిసార్లు రాయించే ఇంపోజిషన్‌తో ఇది సాధ్యమని నేను అనుకోను. నేనూ కొన్నాళ్ళు రాయించాను. అది పొరపాటు.

సరే, వెతకడం ఎలా? ఈ ఎనిమిది అక్షరాలనూ వరస మార్చి మార్చి రాస్తే 6720 రకాలు వస్తాయి. సెకనుకు ఒకటి చొప్పున చూసుకుంటూ పోయినా గంటా 52 నిమిషాలు పడుతుంది, అవీ ఎనిమిదక్షరాల వరసలు మాత్రమే. కాబట్టి అక్షరాల పొత్తులను పట్టుకోవాలి. అచ్చ తెలుగు మాట ణ తోనో ళ తోనో మొదలుకాదని మనకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. ఇంగ్లీషుకూ అలాంటి అలవాట్లున్నాయి. ఎన్, జీ జంట మాట చివర హాయిగా కూర్చుంటుంది, మొదట్లో దాదాపు కనిపించదు. డబ్ల్యూ, ఆర్ జంట మాట మొదట్లో వస్తే డబ్ల్యూ మౌనంగా ఉంటుంది. ఎల్ పక్కన ఎన్ పెట్టి ఏ మాటనూ మొదలుపెట్టలేం. ఇవి మనసులో ఉంటే వేల వరసలు వాటంతటవే రాలిపోతాయి.

కంప్యూటరు చేసే పద్ధతి ఇంకా అందంగా ఉంటుంది. డిక్షనరీలోని ప్రతి మాటలోని అక్షరాలనూ ఏ నుంచి జెడ్ వరసలో ముందే సర్ది పెట్టుకుంటారు. ‘లిసన్’ను అలా సర్దితే ఈ, ఐ, ఎల్, ఎన్, ఎస్, టీ. ‘సైలెంట్’ను సర్దినా అదే, ‘ఎన్‌లిస్ట్’ను సర్దినా అదే. మూడు మాటలూ ఒకే గూట్లోకి చేరిపోతాయి. వినడానికీ మౌనానికీ అక్షరాలు ఒక్కటే కావడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇంకో రకం ప్రశ్న ఉంది. ఈ అక్షరాలతోనే మాట కట్టడం కాదు, ఈ అక్షరాలన్నీ ఉన్న మాటను పట్టుకోవడం. అప్పుడు వేరే అక్షరాలు కలిసినా పరవాలేదు. వరంగల్‌లో విడివిడిగా ఉన్నవి ఆరు: డబ్ల్యూ, ఏ, ఆర్, ఎన్, జీ, ఎల్. ఎన్, జీ కనిపించగానే ఐ ఒకటి తెచ్చి ‘ఇంగ్’ కట్టండి. మిగిలిన నాలుగింటి ముందు సీ పెట్టండి. ‘క్రాలింగ్’, పాకడం. ఆరూ అందులో ఉన్నాయి. ఐ, సీ వదిలేసి ఒక్క ‘ఈ’ చేర్చితే ‘రాంగుల్’, వాదులాడుకోవడం.

ఫలానా చోట ఫలానా అక్షరం ఉండాలనేది మూడో రకం. ఇది మనకు కొత్త కాదు. అవధానంలో న్యస్తాక్షరి అదే కదా. పద్యంలో ఏ పాదంలో ఎన్నో అక్షరం ఏది కావాలో పృచ్ఛకుడు చెబుతాడు, అవధాని ఆ చోట్లకు ఆ అక్షరాలు వచ్చేలా పద్యం అల్లుతాడు. గళ్ళ నుడికట్టు నింపే ప్రతి ఒక్కరూ చిన్న ఎత్తున ఆ పనే చేస్తున్నారు.

అక్షరాల బిళ్ళలు పేర్చి మాటలు కట్టే స్క్రాబుల్ ఆటను 1930ల్లో రూపొందించిన అమెరికా ఆర్కిటెక్టు ఆల్‌ఫ్రెడ్ బట్స్ వార్తాపత్రికలు ముందేసుకొని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టాడు. అందుకే ఆ ఆటలోని 100 బిళ్ళల్లో ఇంగ్లీషు ‘ఈ’ అక్షరానివి 12 ఉంటాయి, క్యూ, జెడ్‌లకు ఒక్కొక్కటే. మన వరంగల్‌లో ఒక్క ‘ఈ’ కూడా లేదు. అందుకే వెతుకులాట కొంచెం కష్టం, అందుకే నాకిష్టం.

ఇప్పుడు కాగితాలు తీయండి. హనుమకొండను ఇంగ్లీషులో పాత పద్ధతిలో రాస్తున్నాను: హెచ్, ఏ, ఎన్, ఏ, ఎమ్, కే, ఓ, ఎన్, డీ, ఏ. ఈసారి ఎన్ రెండున్నాయి, చూసుకోండి. సంచారి అని అర్థమిచ్చే అయిదక్షరాల మాట ఒకటి ఇందులో ఉంది. పెద్దలు కాసేపు ఓపిక పట్టాలి, ముందు పిల్లలే చెబుతారు.