‘సిరికిం జెప్పడు’: ఒక పద్యం, ఒక రాగం, ఒక శిల్పం

ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం.

గజేంద్రమోక్షం, అంటే ఏనుగు, మొసలి, విష్ణుమూర్తి అనగానే ఏడో తరగతి పిల్లలు ‘ఈ కథ మాకు తెలుసు’ అనేస్తారు. మంచిదే. కథ రెండు నిమిషాల్లో ముగించేయండి. ఆ కథను పద్యం ఎలా పట్టుకుంది, గొంతు ఎలా పట్టుకుంటుంది, రాయి ఎలా పట్టుకుంది అన్నదే పాఠం. పోతన భాగవతం అష్టమ స్కంధంలోని రెండు పద్యాలు, ఒక ఫొటో, మూడు పీరియడ్లు చాలు.

మొదటి రోజు ‘సిరికిం జెప్పడు’ పద్యం. దీన్ని బోర్డు మీద నాలుగు పాదాలుగా రాస్తే పిల్లలకు కొరుకుడు పడదు. క్రియ వచ్చిన చోటల్లా విరిచి రాయండి. చెప్పడు, సంధింపడు, చీరడు, పన్నింపడు, ఒత్తడు, వీడడు: ఆరూ చేయని పనులే. ఏనుగును కాపాడే తొందరలో విష్ణువు లక్ష్మికి చెప్పలేదు, శంఖచక్రాలు అందుకోలేదు, పరివారాన్ని పిలవలేదు, గరుత్మంతుణ్ణి సిద్ధం చేయించలేదు, చెదిరిన జుట్టు సర్దుకోలేదు, పట్టుకున్న లక్ష్మి పైటకొంగైనా వదల్లేదు. ‘మరి బయల్దేరాడని ఎక్కడుంది?’ అని అడిగి ఊరుకోండి. వెతుకుతారు. ఆ మాట పద్యంలో లేదు! ‘శ్రీకుచోపరి’ దగ్గర ఇబ్బందిపడి పాదం ఎగ్గొట్టేవాళ్లున్నారు. అలా చేస్తే ఆరో క్రియ పోతుంది, పద్యం కుంటుతుంది. ‘పైటకొంగు’ అని మామూలుగా చెప్పి ముందుకెళ్లండి.

ఛందస్సు ఎనిమిదో తరగతికి చాలు, అదీ మొదటి పాదమే. మత్తేభం, ఇరవై అక్షరాలు, పద్నాలుగో అక్షరం యతి: ‘సి’కి ‘జే’.

రెండో రోజు పాడించడం. మోహన రాగం తీసుకోండి, ఐదు స్వరాలే. ‘వరవీణా’ గీతం నేర్చిన పిల్ల ఒక్కతి ఉన్నా పని జరిగిపోతుంది. తాళం వద్దు. చిక్కంతా పాదాంతంలోనే. నాటక పద్యాల అలవాటుకొద్దీ పాదం చివర రాగం తీస్తాం. ఇక్కడ మొదటి మూడు పాదాలూ మాట మధ్యలో తెగుతాయి: ‘సంధింపడే’, ‘కర్ణికాం’, ‘శ్రీకుచో’. అక్కడ ఆగితే అర్థం విరిగిపోతుంది. ఊపిరి క్రియ దగ్గరే తీసుకోవాలి, రాగం చివరి ‘ఉత్సాహియై’కి దాచాలి. పాదాల మీదుగా ఆగకుండా దూకితేనే ఆ తొందర చెవికి తెలుస్తుంది. రెండు విధాలా పాడించి తేడా వాళ్లనే చెప్పమనండి.

మూడో రోజు బొమ్మ. ముందే ‘జుట్టు సర్దుకోలేదని గీయండి’ అనండి, గీతకు ‘లేదు’ అనడం ఎంత కష్టమో తెలుస్తుంది. చెదిరిన జుట్టు, ఖాళీ చేతులు గీసినవాళ్లు దారి కనుక్కున్నట్టే. అప్పుడు దేవ్‌గఢ్ దశావతార ఆలయ శిల్పం చూపించండి. ఉత్తరప్రదేశ్‌లోని లలిత్‌పూర్ జిల్లా, గుప్తుల కాలపు గుడి. అక్కడ విష్ణువు గరుడుడి మీదే ఉన్నాడు. ఏనుగు కాళ్లను చుట్టింది మొసలి కాదు, నాగుడు. ‘శిల్పి తప్పు చేశాడా?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. తప్పొప్పుల తీర్పు మనకెందుకు? శిల్పి పోతనకు వందల ఏళ్ల ముందువాడు, అతను విన్న కథ అది. పురాణకథకు ఒకే ప్రతి ఉండదని ఉపన్యాసం దంచక్కర్లేదు, ఆ నాగుడే చెబుతాడు.

గీయడానికి అసలు గని రెండో పద్యం, ‘తన వెంటన్ సిరి’. విష్ణువు వెనక లక్ష్మి, అంతఃపుర స్త్రీలు, గరుత్మంతుడు, ఆయుధాలు, నారదుడు, సేనాపతి విష్వక్సేనుడు, చివర ఊరు ఊరంతా. నాలుగు చార్టులు పొడుగ్గా అతికించి, ఒక్కో జట్టుకు ఒక్కొక్కరిని పంచండి. ముందుగా నేలగీత ఒకటి చార్టులన్నిటి మీదుగా గీయించండి, లేకపోతే నారదుడు గాల్లో, గరుత్మంతుడు పాతాళంలో తేలతారు. తలల ఎత్తు జానెడు దాటకూడదు. రంగులు ఆఖరి పది నిమిషాల్లోనే ఇవ్వండి.