పెరడు లేకపోయినా ఆవ ఘాటు పోదు

(చిన్న మిక్సీ జారు దగ్గరగా చూపించాలి)

మా పిన్ని కూతురు భీమవరంలో ఫ్లాట్ కొనుక్కుంది. మొన్న ఫోన్‌లో, "రోలూ లేదు, పెరడూ లేదు, ఇంక కందబచ్చలి ఏం వండుతాం అక్కా?" అంది. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. నేనుండేదీ కాకినాడలో మూడో అంతస్తే!

ఆ కూరకి ప్రాణం ఆవ. తాలింపులో చిటపటలాడిన ఆవగింజ ఒకటి కొరకండి. ఘాటు ఉండదు. అవే ఆవాలు పచ్చివి నీళ్లతో నూరి వాసన చూడండి, ముక్కు అదిరిపోతుంది. గింజలో సినిగ్రిన్ అనే పదార్థం, మైరోసినేజ్ అనే ఎంజైమ్ విడివిడిగా ఉంటాయి. గింజ నలిగి తడి తగిలాకే రెండూ కలిసి ఘాటు పుడుతుంది. ఆ ఎంజైమ్‌కి వేడి గిట్టదు. అందుకే చన్నీళ్లతో, ఒక ఎండుమిర్చి, ఉప్పు వేసి, జారు వేడెక్కకుండా ఆపి ఆపి తిప్పాలి. కూర దించి, చల్లారాకే కలపాలి. రోలు ఉన్నా పొయ్యి మీద కలిపితే దండగే. నిన్న నూరిందీ వద్దు, ఆ ఘాటు గాలికి పోయే రకం.

నా లెక్కలో వంటింట్లో సరుకులు రెండే రకాలు: ఆవ రకం, కంద రకం. కోయని కంద గాలి తగిలే మూల వారాల తరబడి పడి ఉంటుంది. ఆవ అప్పటికప్పుడు నూరాల్సిందే. కొబ్బరి పచ్చడి ఆవ రకం, కొబ్బరికి పేరుపడ్డ అంబాజీపేట కాయే తెచ్చినా సరే. బియ్యం కంద రకం. అన్నట్టు, మన మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టి 1982లో విడుదలైన స్వర్ణ (ఎంటీయూ 7029) వరి రకం ఉండగా, దూరాల నుంచి వచ్చే బ్రాండు సంచులకి అంత డబ్బు పోయడం నాకు మింగుడుపడదు. సరే, అది వేరే గొడవ. ఇరుకు ఇంట్లో కంద రకం నిల్వ పెట్టుకోండి, ఆవ రకం ఏ పూటకాపూట చేసుకోండి.

బచ్చలి? రైతుబజారు కట్టలోంచి ముదురు కాడ ఒకటి కుండీలో గుచ్చండి. నాది బాల్కనీ గ్రిల్లు పట్టుకుని పాకేసింది.

అయ్యో, టైమ్ అయిపోతోంది. త్వరగా చెప్పేస్తా. చేతులకి నూనె రాసుకుని కంద తరగండి. దురద దాన్లో ఉండే సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాల వల్ల. బాగా ఉడికించి, చింతపండు పులుసు పోయండి. బచ్చలి, పచ్చిమిర్చి, అల్లం వేసి మగ్గించి, తాలింపు పెట్టి దించేయండి. చల్లారింది కదా, ఇప్పుడు ఆవ...

కాస్త ఎక్కువే పడినట్టుంది. కళ్లలో నీళ్లొస్తున్నాయి, కెమెరా ఆపేస్తున్నా.